పదహారు వందల మీటర్ల తర్వాత

శంషాబాద్‌లో ఔటర్ సర్వీసు రోడ్డు మీద తెల్లవారుజామున అయిదింటికే కుర్రాళ్ల పరుగు మొదలవుతుంది. ఆర్మీ సెలక్షన్‌లో 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు. ఒక్కొక్క సెకను కోసమే వాళ్ల తాపత్రయమంతా. వాళ్లకు టైం చూసి చెప్పేది ఒక మాజీ హవల్దార్. పదిహేడేళ్లు సర్వీసు చేసి, నలభై నిండకుండానే పెన్షన్ మీద ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఓ గోదాము గేటు దగ్గర నైట్ డ్యూటీ. డ్యూటీ దిగి, యూనిఫాం చొక్కా మీదే స్వెటర్ తొడుక్కుని నేరుగా ఇక్కడికొస్తాడు.

కుర్రాళ్లు వెళ్లిపోయాక మేమిద్దరం మెల్లగా పరిగెడతాం. మూడు నెలలు మోకాళ్ల నొప్పులు, వానలు తప్ప మా మధ్య వేరే మాట లేదు. మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ఒకరోజు ఆయనే కదిలించాడు.

"ఇమానాల సప్పుడు అలవాటైంది సార్. ఎప్పుడొస్తదో ఎరుకే. బరాత్‌ల పటాకులే... ఎప్పుడు పేల్తయో తెల్వది."

శంషాబాద్ చుట్టుపక్కల ఎన్ని ఫంక్షన్ హాళ్లున్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో పడుకుంటే నిద్రలో అరుస్తున్నాడట. పిల్లలు జడుసుకుంటున్నారని తనే అడిగి నైట్ డ్యూటీ వేయించుకున్నాడు. డాక్టరుకు చూపించావా అన్నా అంటే, "ఏమని చెప్పాలె సార్? పిచ్చోడనుకుంటరు" అన్నాడు. ఈ మాటలన్నీ రోడ్డు వైపు చూస్తూనే అన్నాడు, నా వైపు తిరగలేదు. కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఆయన నోట ఒక్క ముక్క వచ్చేది కాదని నా నమ్మకం.

అందుకే సైనికుల కోసం చేసే పరుగులంటే నాకు గౌరవం. కార్గిల్ యుద్ధంలో మోర్టార్ దెబ్బకు కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ కృత్రిమ కాలితో హాఫ్ మారథాన్లు పరిగెత్తారు. తనలాంటివాళ్ల కోసం 2011లో 'ది చాలెంజింగ్ ఒన్స్' బృందాన్ని నిలబెట్టారు. కాలు పోతే లోకానికి కనబడుతుంది, చేయి అందిస్తుంది. నిద్ర పోతే ఎవరికి కనబడుతుంది? బ్రిటన్‌లో 'కాంబాట్ స్ట్రెస్' అనే సంస్థ మాజీ సైనికుల మనోవేదన కోసమే 1919లో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే. అక్కడ జనం దాని కోసం మైళ్లు నడిచి, పరిగెత్తి చందాలు పోగుచేస్తారు.

మనకూ దారులు లేకపోలేదు. మాజీ సైనికుల వైద్యానికి ఈసీహెచ్ఎస్ 2003 నుంచీ ఉంది. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2023 డిసెంబరులో పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో సైనికులకు, వాళ్ల కుటుంబాలకు టెలీ మానస్ ప్రత్యేక విభాగం పెట్టారు. కానీ నన్ను కలవరపెడుతున్నది ఈ సర్వీసు రోడ్డు మీది కుర్రాళ్లే. వీళ్లు చేరేది అగ్నివీరులుగా. నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. తక్కినవాళ్లు పాతికేళ్లు అటూ ఇటుగానే ఇంటిముఖం పడతారు. వాళ్లకు పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ కూడా లేదు. సియాచిన్‌నో, సరిహద్దు కాపలానో మనసులో మోసుకొచ్చే ఇరవై మూడేళ్ల పిల్లాడు ఏ తలుపు తట్టాలి?

హైదరాబాద్ మారథాన్‌లో ఏటా వేలమంది పరిగెడుతున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. ఈసారి నా 21 కిలోమీటర్లకు కిలోమీటరుకు వంద చొప్పున మిత్రులను అడుగుతున్నాను. మీరూ అడగండి. ఆ డబ్బు టీషర్టులకు, మెడళ్లకు కాకుండా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వారానికి రెండు రోజులు కూర్చునే, తెలుగు మాట్లాడే మానసిక నిపుణుడి జీతానికి పోవాలి. సంక్షేమ శాఖ ఇందుకు విడిగా ఒక పద్దు తెరవాలి. అగ్నివీరులకూ ఆ గది తలుపు తీసే ఉండాలి. పరుగు మందు కాదు, డాక్టరు అవసరమైనవాళ్లకు డాక్టరే కావాలి. ఆ డాక్టరు దాకా మనిషిని నడిపించుకెళ్లే తోడు మాత్రం పరుగులో దొరుకుతుంది.

ఇదంతా రాస్తున్నానని ఆయనకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. స్టాప్‌వాచ్ తాడు వేలికి చుట్టుకుంటూ, "నా పేరు రాయకుండ్రి సార్" అన్నాడు. "ఆ టెలీ మానస్ ఫోన్ నంబరు మాత్రం పెద్దగ రాయుండ్రి."

14416.