గేరు జారితే పెట్టె విప్పొద్దు

పాత మోటారుసైకిల్‌లో గేరు పడకపోతే అందరూ గేర్‌బాక్సునే అనుమానిస్తారు. కానీ అసలు దోషి చాలాసార్లు బయటే ఉంటాడు

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో సగం దూరం దాటాక కిరుమాంబాక్కం వస్తుంది. పేరుకు పల్లె. కానీ ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల పుణ్యమా అని పొద్దున్నా సాయంత్రం రోడ్డు నిండా బస్సులు, లారీలు, వాటి మధ్య దారి వెతుక్కునే మోటారుసైకిళ్లే. ఈ రోడ్డు మీద నంబరు ప్లేటుపై పీవై 04 అని కనిపిస్తే అది యానాంలో రిజిస్టరైన బండి. 800 కిలోమీటర్లకు పైగా దూరంలో గోదావరి ఒడ్డునున్న ఆ తెలుగు ఊరు కూడా పుదుచ్చేరి పాలనలోనిదే.

అలాంటి బండి ఒకదాన్ని ఊహించుకుందాం. తండ్రి ఏళ్ల తరబడి నడిపి, చదువుకోడానికి వచ్చిన కొడుక్కి అప్పగించిన నాలుగు గేర్ల పాత బుల్లెట్. ముందు ఒక బస్సు పోతోంది. ఎదుటి వైపు ఖాళీగానే ఉంది. దాటేద్దామని కుర్రాడు నాలుగో గేరు నుంచి మూడుకు మార్చి రేజ్ చేశాడు. ఇంజను గొంతు చించుకుని అరిచింది. బండి మాత్రం ముందుకు దూకలేదు. నాలుగో గేరు వదిలేసింది, మూడో గేరు పడలేదు. పక్కన బస్సు అలాగే ఉంది. ఎదురుగా లారీ కనిపించింది.

రెంటికి చెడ్డ రేవడిలా గేరు మధ్యలో ఆగిపోయే ఈ స్థితినే మెకానిక్కులు ఫాల్స్ న్యూట్రల్ అంటారు. ఆ క్షణంలో చక్రానికి ఇంజను బలం అందదు. రేజ్ తగ్గించినప్పుడు ఇంజను బండిని పట్టి ఆపే సాయమూ ఉండదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అలాంటి రోడ్ల మీద ఒక్క సెకను బలం అందకపోవడం చిన్న విషయమేమీ కాదు.

ఆ కుర్రాడు ఎలాగో పక్కకు తప్పుకుని సాయంత్రం షెడ్డుకు వెళ్లాడనుకుందాం. ''అన్నా, గేర్‌బాక్సు పోయినట్టుంది'' అంటే, ''విప్పి చూద్దాం తంబీ'' అనే మెకానిక్కు ఉంటాడు. ''ఏ గేరులో జారింది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?'' అని అడిగే మెకానిక్కూ ఉంటాడు. బండి ఎవరి చేతిలో పడుతుందన్న దాని మీదే ఖర్చు ఆధారపడి ఉంటుంది. జబ్బు నయమవుతుందా లేదా అన్నదీ అక్కడే తేలుతుంది.

లోపల జరిగేది

గేరు మార్చిన ప్రతిసారీ పళ్ల చక్రాలు విడిపోయి వేరే వాటితో కలుస్తాయని చాలామంది అనుకుంటారు. చాలా మోటారుసైకిళ్లలో అలా జరగదు. చక్రాల జతలన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. కాకపోతే ఒక్కో జతలో ఒక చక్రం షాఫ్టు మీద వదులుగా తిరుగుతుంది. కాలితో రాడ్ నొక్కినప్పుడు లోపల ఫోర్కు ఒకటి పక్కకు జరుగుతుంది. దాంతో చక్రం పక్కనుండే మొద్దు కొక్కేలు ఎదుటి గాడుల్లోకి దూరి ఆ జతను షాఫ్టుకు కట్టిపడేస్తాయి. ఈ కొక్కేలనే డాగ్‌లంటారు.

డాగ్ పూర్తిగా దూరాలంటే మూడు జరగాలి. క్లచ్ నొక్కినప్పుడు ఇంజను బలం పూర్తిగా తెగిపోవాలి. కాలి కదలిక చివరిదాకా లోపలికి చేరాలి. కొక్కేల అంచులు అరగకుండా ఉండాలి. వీటిలో మొదటి రెండూ చాలావరకు పెట్టె విప్పకుండానే చూడొచ్చు. మూడోదాని కోసమే పెట్టె విప్పాలి. కాబట్టి వెతుకులాట బయట మొదలై లోపలికి వెళ్లాలి. తక్కువ ఖర్చు పని ముందు, ఎక్కువ ఖర్చు పని చివర.

మొదటి ముద్దాయి క్లచ్

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు న్యూట్రల్ ఎంతకీ పడకపోవడం, మొదటి గేరు వేయగానే టక్కుమని ముందుకు దూకడం, అన్ని గేర్లూ బిగుసుగా ఉండటం... ఈ మూడూ కలిస్తే అనుమానించాల్సింది క్లచ్‌నే. లివర్ పూర్తిగా పట్టినా ప్లేట్లు విడిపోవడం లేదన్నమాట. డాగ్‌ల మీద బరువు అలాగే ఉండటంతో అవి ఒక గాడిని వదలవు, ఇంకో గాడిలో దూరవు.

పరీక్ష సులువే. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, క్లచ్ పట్టి మొదటి గేరు వేయాలి. వెనక చక్రం నెమ్మదిగా తిరగడం మామూలే, ఆయిల్ జిగురు వల్ల అలా జరుగుతుంది. బ్రేకు మెల్లగా నొక్కగానే ఆగితే ఫరవాలేదు. ఇంజను గుంజుకుపోతూ చక్రం తిరుగుతూనే ఉంటే ప్లేట్లు విడిపోవడం లేదని తేలినట్టే. ఈ పరీక్షలో చక్రం దగ్గర చెయ్యి పెట్టకూడదు.

తర్వాత క్లచ్ వైరు చూడాలి. సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలు ఇనుమును బతకనివ్వవు. వైరు పైకి బాగానే కనిపిస్తుంది. తొడుగు లోపల తుప్పు పట్టి, ఒక్కో పోగూ తెగుతూ సాగుతుంది. లివర్ మొత్తం పట్టినా అవతలి కొన సగమే కదులుతుంది. వైరు మార్చడం అన్నిటికంటే చవకైన మరమ్మతు. చాలా బండ్ల జబ్బు దాంతోనే పోతుంది.

వైరు బాగుంటే లివర్‌లోని వదులు చూడాలి. చాలా చిన్న బండ్లకు లివర్ కొన దగ్గర 10-20 మిల్లీమీటర్ల వదులు ఉండాలంటారు, కచ్చితమైన లెక్క బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వదులు ఎక్కువైతే ప్లేట్లు విడిపోవు, తక్కువైతే పూర్తిగా కలవవు. రెండోది జరిగితే క్లచ్ జారుతుంది. దీన్ని గేరు జారడంగా పొరబడేవారు చాలామంది. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. క్లచ్ జారితే గేరు పడే ఉంటుంది, ఎత్తు ఎక్కుతుంటే ఇంజను వేగం పెరుగుతుంది గానీ బండి వేగం పెరగదు. గేరు జారితే బలం ఒక్కసారిగా పూర్తిగా తెగిపోతుంది. కాలితో మళ్లీ నొక్కితేనే తిరిగి అందుకుంటుంది.

యమహా ఆర్ఎక్స్ 100 లాంటి బండ్లలో మరో చిక్కుంది. 1985లో వచ్చి 1996 దాకా తయారైన ఈ బండి ఇప్పటికీ కుర్రకారుకు మోజే. దశాబ్దాల పాటు ప్లేట్లు కొట్టుకుని కొట్టుకుని, వాటిని పట్టి ఉంచే క్లచ్ గిన్నె వేళ్ల మీద గుంటలు పడతాయి. ప్లేట్లు ఆ గుంటల్లో ఇరుక్కుని విడిపోవు. కొత్త ప్లేట్లు వేసినా జబ్బు పోకపోతే ఆ గుంటల్ని వేలితో తడిమి చూడాలి.

ఆయిల్ కూడా క్లచ్ లెక్కలోకే వస్తుంది. క్లచ్, గేర్‌బాక్సు ఒకే ఆయిల్‌లో మునిగి ఉండే బండ్లకు కారు ఆయిల్ పనికిరాదు. ఇంధనం ఆదా చేస్తామంటూ దాంట్లో కలిపే జారుడు పదార్థాల వల్ల క్లచ్ ప్లేట్లు జారతాయి. ఆ తేడా తెలియడానికే 1990ల చివర్లో జపాన్‌లో మోటారుసైకిల్ ఆయిళ్లకు జాసో ప్రమాణం తెచ్చారు. డబ్బా మీద ఎంఏ అని ఉన్నది తడి క్లచ్‌కు సరిపోతుంది.

రాడ్డా, కాలా?

క్లచ్ నిర్దోషి అని తేలాక చూడాల్సింది గేర్ రాడ్‌ను. రాడ్ షాఫ్టుకు కూర్చున్న చోట సన్నటి పళ్లుంటాయి. బిగించే బోల్టు వదులైతే అవి అరిగిపోతాయి. కాలు పూర్తిగా కదిలినా షాఫ్టు కొంతే తిరుగుతుంది. రాడ్‌ను చేత్తో అటూ ఇటూ ఆడిస్తే సంగతి తెలిసిపోతుంది. నొక్కిన రాడ్ తిరిగి మామూలు చోటికి రాకుండా వేలాడితే లోపలి స్ప్రింగ్ విరిగిందని అనుమానించాలి. చైన్ బాగా వదులైనా గేర్లు కుదుపుతో, సగం సగం పడతాయి.

తప్పు బండిది కాకపోవచ్చు కూడా. హీరో హోండా సీడీ 100, స్ప్లెండర్ బండ్లలో నాలుగు గేర్లూ కిందికే. 2001లో వచ్చిన పల్సర్‌లో ఒకటి కిందికి, మిగతావి పైకి. పాత బుల్లెట్‌లోనైతే రాడ్ కుడివైపు, మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. అమెరికాలో 1975 మోడళ్ల నుంచి ఎడమ కాలి గేరు తప్పనిసరి చేయడంతో ఎగుమతుల మీద ఆధారపడ్డ కంపెనీలు దారి మార్చుకున్నాయి. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్ మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కుడి కాలినే నమ్ముకుంది. స్ప్లెండర్ మీద నేర్చుకున్న కాలు బుల్లెట్ మీద తడబడటం సహజం. తల నేర్చుకున్నంత వేగంగా కాలు నేర్చుకోదు.

మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, ఎజ్డీ బండ్లది ఇంకో దారి. కిక్ కొట్టే రాడ్డే గేర్ రాడ్. దాన్ని నొక్కితే క్లచ్ కూడా దానంతటదే విడిపోయే ఏర్పాటుంది. ఆ ఏర్పాటు బిగింపు తప్పితే చేత్తో క్లచ్ ఎంత బాగా పట్టినా గేర్లు మొరాయిస్తాయి.

బుల్లెట్ గుట్టు

నాలుగు గేర్ల బుల్లెట్‌కు గేర్లు మధ్యలో జారతాయన్న పేరు మొదటి నుంచీ ఉంది. దానికి ఒక ముఖ్య కారణం గేర్‌బాక్సు బయటి భాగంలో, గేర్ల యంత్రాంగం దగ్గరుండే చిన్న సర్దుబాటు పలక. రెండు బోల్టుల కింద ఇది కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కాలి కదలిక పైకెంత, కిందికెంత అన్నది ఇదే తేలుస్తుంది. బోల్టులు వదులై పలక ఒక పక్కకు జరిగితే పైకి వేసే గేర్లు సరిగ్గా పడి, కిందికి వేసేవి జారతాయి, లేదా అందుకు తిరగబడి జరుగుతుంది. ఒక దిక్కులోనే జబ్బు ఉంటే ముందు చూడాల్సింది ఈ పలకనే. కొంచెం జరిపి, బిగించి, నడిపి చూసి మళ్లీ జరపాలి. ఓపిక కావాలి గానీ కొత్త సామాను అక్కర్లేదు.

బుల్లెట్‌లో మరో విశేషం, గేర్ రాడ్ దగ్గరే ఉండే న్యూట్రల్ రాడ్. రెండు, మూడు, నాలుగు గేర్లలో దేన్నుంచైనా మడమతో ఒక్క నొక్కు నొక్కితే న్యూట్రల్ పడుతుంది. ఆగేటప్పుడు ఇదో వరం. పోతూ ఉండగా మడమ పొరపాటున దాని మీద పడితే మాత్రం అదే శాపం. గేరు జారిందని వచ్చిన మనిషి కాలు ఎక్కడ పెడుతున్నాడో కూడా చూడాలి.

విప్పాల్సిన వేళ

అన్నీ చూశాక కూడా ఒకే ఒక్క గేరు, అదీ రేజ్ చేసినప్పుడల్లా, పడినట్టే పడి ఎగిరిపోతుంటే అప్పుడు లోపలి జబ్బని ఒప్పుకోవాలి. డాగ్ అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి, లేదా ఫోర్కు వంగి ఉంటుంది. ఆయిల్ మార్చేటప్పుడు మెరిసే ఇనుప రేణువులు పెద్ద ముక్కలుగా కనిపించినా అదే సూచన. ఇక్కడ వాయిదా పనికిరాదు. అరిగిన కొక్కెం తనతో పాటు ఎదుటి చక్రాన్నీ పాడు చేస్తుంది. విప్పినప్పుడు దెబ్బతిన్న చక్రం ఒక్కటే కాకుండా అది కలిసే చక్రాన్నీ, ఫోర్కునూ కలిపి చూడాలి.

మరి అప్పటిదాకా రోడ్డు మీద? గేరు జారగానే రేజ్ పూర్తిగా వదిలేయాలి. క్లచ్ పట్టి పై గేరులోకి గట్టిగా, ఒక్కసారే మార్చాలి. ఇంజను అరుస్తుండగా క్లచ్ లేకుండా రాడ్‌ను తన్నితే కింది గేరు పడి వెనక చక్రం పట్టేసే ప్రమాదముంది. బాగయ్యేదాకా బస్సుల్ని దాటే సాహసం మానుకోవాలి.

15 ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. ద్విచక్ర వాహనాలకు ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 300 రూపాయల నుంచి 1,000కి పెంచారు. అంత ఖర్చుపెట్టి ఉంచుకునే బండి కాబట్టి దాని లోపలి సంగతి సొంతదారుకు తెలిసి ఉండాలి. గేరు జారే జబ్బు నిలబడి ఉన్న బండిలో కనిపించదు. నడిపే మనిషి కాలికే తెలుస్తుంది. ఆ కుర్రాడు షెడ్డుకు వెళ్లే ముందు నాలుగు మాటలు కాగితం మీద రాసుకుంటే చాలు: ఏ గేరు, పైకా కిందికా, చల్లగానా వేడిగానా, రేజ్ చేసినప్పుడా వదిలినప్పుడా. ఆ కాగితం చూసిన మంచి మెకానిక్కు స్పానర్ కంటే ముందు క్లచ్ లివర్ మీద చెయ్యేస్తాడు.