ఫోన్లో వచ్చే పోలీసులు

వంట ముగించుకుని, పేపరు చేతిలోకి తీసుకుని అలా నడుం వాల్చే వేళ. ఫోన్ మోగుతుంది. "మీ పేరు మీద విదేశాలకు వెళ్తున్న పార్సిల్లో మత్తుమందులు దొరికాయి" అంటుంది అవతలి గొంతు. మీ ఆధార్ నంబరు గడగడా చదివేస్తుంది. చూసుకుంటే నిజంగా మీదే! కాసేపటికి వీడియో కాల్. ఖాకీ బట్టల్లో ఒక మనిషి, వెనక గోడ మీద జాతీయ జెండా, మూడు సింహాల ముద్ర. "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. కెమెరా ముందు నుంచి కదలకూడదు. ఇంట్లో ఎవరికైనా చెప్పారంటే వాళ్లూ కేసులో ఇరుక్కుంటారు" అంటాడు.

మాకు బాగా తెలిసిన ఒక రిటైర్డు టీచరుగారికి సరిగ్గా ఇలాగే జరిగింది. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. రెండు రోజులు ఆ ఫోన్ ముందే కూర్చున్నారు. స్నానానికి వెళ్లాలన్నా వాణ్ణి అడిగి వెళ్లారు. రెండో రోజు బ్యాంకుకు వెళ్లి ఫిక్సెడ్ డిపాజిట్లు రద్దు చేయించి, "తనిఖీ అయ్యాక వెనక్కి వేసేస్తాం" అన్న మాట నమ్మి మొత్తం వాడు చెప్పిన ఖాతాకు పంపించేశారు. మధ్యలో కొడుకు ఫోన్ చేస్తే, "ఏం లేదురా, కాస్త తలనొప్పి" అని పెట్టేశారు.

ఈ సంగతి చెప్తే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అంత చదువుకున్నావిడ ఎలా నమ్మిందండీ?" చదువుకీ దీనికీ సంబంధం లేదండీ. వర్ధమాన్ గ్రూపు ఛైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ పేరు వినే ఉంటారు. వేల కోట్ల వ్యాపారం నడిపే మనిషి. 2024 ఆగస్టులో ఆయన్ని కూడా ఇలాగే ఫోన్లో కూర్చోబెట్టి, నకిలీ సుప్రీంకోర్టు విచారణ కూడా చూపించి 7 కోట్ల రూపాయలు కాజేశారు. చివరికి ఆయన తమ సంస్థలోని ఒక ఉద్యోగికి చెప్పారు. అప్పుడు గానీ అది మోసమని తేలలేదు. వెంటనే ఫిర్యాదు చేయడంతో పోలీసులు 5 కోట్లకు పైగా వెనక్కి రాబట్టగలిగారు.

ఒక్క మనిషికి చెప్పడం! మొత్తం నాటకం ఆ ఒక్కటీ జరగకుండా చూడటం మీదే నడుస్తుంది. భయపెట్టడం, తొందరపెట్టడం అన్ని మోసాల్లోనూ ఉన్నవే. "ఎవరికీ చెప్పొద్దు" అన్నదే వీళ్ల అసలు పెట్టుబడి. పక్కింటావిడకు ఈ కథ సగం చెప్తే చాలు, "ఇదేం పోలీసమ్మా, ఫోన్లో అరెస్టేమిటి?" అని నవ్వేస్తుంది. మనకు మాత్రం ఆ గదిలో ఒంటరిగా, కెమెరా ముందు, ఆ నవ్వు తట్టదు.

చట్టం సంగతి కూడా తెలుసుకుందాం. డిజిటల్ అరెస్టు అన్నది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి మేజిస్ట్రేటు దగ్గర ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. సాక్షిగా విచారించాలన్నా మహిళను ఆమె ఉండే చోటే విచారించాలి గానీ స్టేషనుకు రమ్మని బలవంతపెట్టకూడదు. హాజరు కమ్మనే నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లవని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. ఇక డబ్బు "తనిఖీ" కోసం ఫలానా ఖాతాకు పంపమని అడిగే పోలీసు గానీ, కోర్టు గానీ, రిజర్వు బ్యాంకు గానీ ఎక్కడా ఉండదు.

కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క చూడండి. ఈ డిజిటల్ అరెస్టులు, వాటిని పోలిన మోసాల మీద 2022లో వచ్చిన ఫిర్యాదులు 39,925. 2024లో 1,23,672. పోయిన సొమ్ము 91 కోట్ల నుంచి 1,935 కోట్లకు పెరిగింది. ఇవి ఫిర్యాదు చేసిన వాళ్ల లెక్కలే. చెప్పుకోని వాళ్ల లెక్క ఎవరి దగ్గరుంటుంది?

చెప్పుకోని వాళ్లలో మనమే ఎక్కువేమోనని నా అనుమానం. ఇంట్లో కూర్చుని వీడియోలకు లైకులు కొడితే రోజుకు వెయ్యి రూపాయలని నమ్మి, చీటీ పాడిన డబ్బు అందులో పెట్టి పోగొట్టుకున్నావిడ భర్తకు చెప్పదు. లోను యాప్ వాళ్లు ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్న అమ్మాయి తల్లికి చెప్పదు. "నిన్నెవరు చేయమన్నారు?" అన్న మాటకు భయం. దొంగ ఫోన్లో పెట్టిన భయం కంటే ఇంట్లో ఈ మాట భయం ఎక్కువైనప్పుడు వాడి పని ఎంత సులువో ఆలోచించండి.

ఆలస్యం ఎందుకంత ప్రమాదమో చెప్తాను. డబ్బు వాడి ఖాతాలో చేరిన కొద్ది నిమిషాల్లోనే పది ఖాతాలకు, అక్కడి నుంచి మరో పాతిక ఖాతాలకు చీలిపోతుంది. 1930 నంబరుకు ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదు నేరుగా బ్యాంకులకు వెళ్లి, డబ్బు ఇంకా ఎక్కడ ఆగి ఉంటే అక్కడ స్తంభింపజేస్తారు. మొదటి గంటలో చేస్తే దొరికే అవకాశం ఉంటుంది. నాలుగో రోజు చేస్తే అప్పటికే ఏటీఎంలోంచో, క్రిప్టో రూపంలోనో దాటిపోయి ఉంటుంది. ముందు 1930కి చేసి, తర్వాత తీరిగ్గా ఏడవొచ్చు. మా వంటింటి క్యాలెండరు మీద గ్యాసు నంబరు పక్కనే ఇదీ రాసి పెట్టాను.

ఆ పాతిక ఖాతాలు ఎవరివనుకున్నారు? చాలావరకు మనలాంటి వాళ్లవే. "మీ పాసు పుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వండి, నెలకు ఐదు వేలిస్తాం" అంటూ కాలేజీ పిల్లల్ని, ఇళ్లలో పనిచేసుకునే వాళ్లని అడుగుతారు. ఖాతాయే కదా, అందులో నా డబ్బేం లేదు కదా అని ఇచ్చేస్తారు. తర్వాత ఏ రాష్ట్రం నుంచో నిజం పోలీసులే వెతుక్కుంటూ వస్తారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈ సంగతి తప్పక చెప్పండి.

అవతల మాట్లాడే గొంతుల్లో కూడా మన పిల్లలు కొందరున్నారు. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి కాంబోడియాకు తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని ఈ పని చేయించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. లక్షలు కట్టి పంపిన తల్లిదండ్రులకు వాళ్లక్కడ ఏం చేస్తున్నారో తెలియదు.

ప్రభుత్వాలు ఊరికే లేవు. హర్యానాలో ఒక వృద్ధ దంపతులు రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు తనంత తానుగా కేసుగా తీసుకుని, 2025 డిసెంబరులో ఈ నేరాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. మంచిదే. కానీ సీబీఐ వచ్చేది డబ్బు పోయాక. పోకముందు అడ్డుపడగలిగేది కౌంటరులో కూర్చున్న క్లర్కే. 2024 నవంబరులో హైదరాబాదులో ఒక బ్యాంకు శాఖలో, డిపాజిట్లు రద్దు చేయమంటూ వచ్చిన అరవై దాటిన ఒకాయన తడబాటు చూసి సిబ్బందికి అనుమానం వచ్చింది. ఎందుకని అడిగితే పొంతన లేని జవాబులు. ఇంట్లో వాళ్లను తీసుకురమ్మన్నారు, 1930కి ఫోన్ చేయించారు. ఆయన డబ్బు నిలిచింది. మా టీచరుగారు వెళ్లిన చోట మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. "అడిగినా అబద్ధమే చెప్పేదాన్నేమో" అంటారావిడ. అదీ నిజమే.

ఆవిడ ఫిర్యాదు చేసింది నాలుగో రోజున. పోయిన దాంట్లో ఏదో కొద్దిగా ఆగింది, అంతే. కొడుక్కి చెప్పగానే అతనన్న మొదటి మాట, "నన్నడక్కుండా ఎందుకు పంపావమ్మా?" అని. "ఆ మాట వినాల్సి వస్తుందనే కదమ్మా నాలుగు రోజులు నోరు విప్పలేదు" అన్నారావిడ నాతో.