శవపేటికకు ఒకే రేటు, బతికున్నవాడికి వంద రేట్లు

విమానం అనగానే మనలో చాలామందికి అమెరికాయే గుర్తొస్తుంది. అమీర్‌పేటలో గది తీసుకుని ఉంటున్నవాడికి వేరే ఆలోచన రావడం కష్టం కూడాను! మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కోచింగు సెంటర్ల బోర్డులు, కన్సల్టెన్సీల బోర్డులు. వాటి మీద ఒక విమానం బొమ్మ, పక్కన నవ్వుతున్న అబ్బాయి. కానీ మిత్రులారా, ఆ రోడ్డు పట్టుకుని పంజాగుట్ట దాకా నడిచి, పెద్ద రోడ్డు వదిలి సందుల్లోకి పోయి చూడండి. మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, కంప్యూటరు ముందు ఒక ట్రావెల్ ఏజెంటు కనిపిస్తాడు. అతని ఎదుట కూర్చున్నవాళ్లు ఇంగ్లీషు పరీక్ష రాసి వచ్చినవాళ్లు కారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దమ్మాంకో, దోహాకో, కువైట్‌కో పోయేవాళ్లు. నా వ్యాసం వాళ్ల విమానం గురించి.

ఈ ప్రాంతానికీ విమానానికీ పాత చుట్టరికమే ఉంది. బేగంపేట విమానాశ్రయం అమీర్‌పేటకు కూతవేటు దూరం. 2008 మార్చిలో షంషాబాద్ విమానాశ్రయం తెరవగానే ఇక్కడ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. పాస్‌పోర్టు సేవా కేంద్రం కూడా చాలాకాలం అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో ఉండి, 2025లో ఎం.జి.బి.ఎస్. మెట్రో స్టేషనుకు తరలిపోయింది. విమానాలు పోయాయి, ఆఫీసు పోయింది, టికెట్లమ్మే బల్లలు మాత్రం కదలలేదు.

మాది జగిత్యాల జిల్లా. నాలుగెకరాల భూమి; పసుపు, మక్క, కొంచెం వరి. మా వాడకట్టులో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు ఒకటో రెండో ఉంటుందేమో. మా పెద్దవాళ్లు పోయిన రోజుల్లో దారి బొంబాయి మీదుగా ఉండేది. బస్సెక్కి బొంబాయి పోవడం, ఏజెంటు చూపించిన గదిలో పదిమంది ఒకరి మీద ఒకరు పడుకోవడం, ఇవ్వాళ రేపు అంటూ రోజులు లెక్కపెట్టడం. అప్పు ఊళ్లో, వడ్డీ ఊళ్లో, మనిషి బొంబాయిలో! అందుచేత ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఎక్కి నాలుగైదు గంటల్లో దిగే సౌకర్యాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. చవక విమానాన్ని తిట్టడానికి కలం పట్టలేదు.

ఈ చవక విమానం మన కోసం పుట్టినది కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మొదటి విమానం 2005 ఏప్రిల్ 29న తిరువనంతపురం నుంచి అబూధాబికి ఎగిరింది. 2013లో దాని ప్రధాన కార్యాలయం కూడా ముంబై నుంచి కొచ్చికి మారింది. కేరళకే ఎందుకు ఈ మర్యాద? మలయాళీలు గల్ఫ్ ఛార్జీల మీద ఏళ్ల తరబడి గొడవ చేశారు గనుక. 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకున్నారు. 1999లో మొదలైన కొచ్చి విమానాశ్రయంలో ప్రవాసులు తమ డబ్బుతో వాటాలు కొన్నారు. మనకు దక్కినవి ఆలస్యంగా దక్కాయి. కువైట్‌కు చెందిన జజీరా సంస్థ 2017లో హైదరాబాద్‌కు వచ్చింది. విజయవాడ నుంచి షార్జాకు ఎక్స్‌ప్రెస్ విమానం మొదలయ్యేసరికి 2022 అక్టోబరు 31. ఆలోగా, ఆ ఏడాది జనవరిలో, కంపెనీ ప్రభుత్వం చేతి నుంచి టాటాల చేతికి పోయింది.

చవక ఎలా సాధ్యం? ఇందులో మంత్రం లేదు, లెక్క ఉంది. అన్నీ ఒకే రకం విమానాలైతే పైలట్ల శిక్షణ ఒకటే, విడిభాగాలు ఒకటే. లోపల పెద్ద తరగతి ఉండదు, ఉన్న చోటంతా సీట్లే, 180కి పైగా. దిగిన విమానం గంటలో మళ్లీ లేవాలి, నేల మీద ఉన్నంతసేపు దండగే. భోజనం కొనుక్కోవాలి, సామాను కిలో ఎక్కువైతే కట్టాలి. నైలాను తాడుతో బిగించి పేరు రాసిన అట్టపెట్టెను మావాళ్లు కౌంటరు ముందే విప్పి, బరువు తగ్గించడానికి దుప్పట్లు తీసి ఒంటి మీద కప్పుకోవడం చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. అయినా ఇవన్నీ సరే. ముందే తెలిసిన నియమాలు.

అసలు చిక్కు ధరలో ఉంది. ఒకే విమానంలో పక్కపక్క సీట్లకు ఒక ధర ఉండదు. సీట్లను మడతలు మడతలుగా విడదీసి ఒక్కో మడతకు ఒక్కో రేటు పెడతారు. తక్కువ రేటు మడత అయిపోగానే పై మడత తెరుచుకుంటుంది. పండగ దగ్గరైతే, బడి సెలవులైతే, ప్రయాణం రేపే అయితే రేటు ఆకాశానికంటుతుంది. నా ఎకనామిక్స్ మిత్రుడు దీన్ని డిమాండు, సప్లయి అంటాడు. మా బాపు ఏమంటాడో చెప్తాను. ఫిబ్రవరి, మార్చిలో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ యార్డుకో మెట్‌పల్లికో తీసుకుపోతాం. అందరి పసుపూ అప్పుడే వస్తుంది, కాబట్టి ధర పడిపోతుంది. అదే రైతు కొడుకు పండక్కి ఇంటికి రావాలనుకుంటే, అందరూ అప్పుడే వస్తారు కాబట్టి ధర పెరిగిపోతుంది. “మనం అమ్మినా గుంపే, కొన్నా గుంపే. రెండు తీర్ల మనమే మునుగుడు” అన్నాడు మా బాపు. ఈ మాట మీద నా మిత్రుడు ఇంకా ఆలోచిస్తున్నాడు!

పండగ సంగతి వదిలేద్దాం. మూడు నెలల ముందు కొనుక్కోమంటారు, సరే, కొనుక్కోవచ్చు. చావు మూడు నెలల ముందు చెప్పి వస్తుందా?

మా బాపమ్మ పోయినప్పుడు మా చిన్నబాపు దమ్మాంలో ఉన్నాడు. నెలకు 1,200 రియాళ్ల జీతం. కఫీలు మంచివాడే, సెలవిచ్చాడు, ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం ఒక్క పూటలో కొట్టించాడు. అక్కడ ఫోను చేతిలో పట్టుకుని చిన్నబాపు, ఇక్కడ పంజాగుట్ట సందులో ఏజెంటు బల్ల ముందు నేను. రంజాన్‌కు ముందు వారం అది. మామూలు రోజుల్లో 11,000కు దొరికే టికెట్టు 31,000 ఉంది. చిన్నబాపు డబ్బు సర్దుకునే గంటలో 34,600 అయింది. ఒక నెల జీతం మొత్తం పెట్టినా చాలదు, పైగా అది ఒకవైపే. “ఉండనియ్ బిడ్డా, నువ్వు పో” అన్నాడు. నేను రాత్రి బస్సెక్కాను. కొడుకులిద్దరిలో ఒకడు తల్లికి కొరివి పెట్టాడు, ఇంకొకడు వీడియోలో చూశాడు. ఫోను పట్టుకున్నది నేనే గనుక అతని మొహం చూసిందీ నేనే.

ఇక్కడ మిత్రులకు తెలియని ఒక సంగతి చెప్పాలి. గల్ఫ్‌లో చచ్చిపోయినవాడి శవాన్ని ఒకప్పుడు విమానంలో సరుకుగా తూకం వేసి, కిలోకింత అని వసూలు చేసేవారు. దీని మీద ప్రవాసులు చాలాకాలం గగ్గోలు పెట్టారు. చివరకు 2019 జనవరిలో ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఆ తూకాన్ని తీసేశాయి. దుబాయి, షార్జా వంటి ఎమిరేట్ల నుంచి ఇండియాలో ఏ ఊరికైనా శవపేటికకు 1,500 దిర్హాములు, పన్నెండేళ్లలోపు పిల్లలదైతే 750 అని ఒకే రేటు కట్టాయి. పండగైనా అదే, పండగ కాకున్నా అదే. మంచి పని. మెచ్చుకోవాలి. కానీ నా ప్రశ్న ఒకటే: శవమై వచ్చేవాడికి కట్టగలిగిన ఒకే రేటును, శవాన్ని చూడడానికి వచ్చేవాడికి ఎందుకు కట్టలేరు?

మన పద్ధతులన్నీ ఇట్లాగే ఉన్నాయి. ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదంలో పోతే 10 లక్షలిస్తుంది. 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్‌లో పోయినవారి కుటుంబాలకు 5 లక్షలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఇవి అక్కర్లేదని నేననను, మా ఊళ్లో ఆ డబ్బుతోనే బతికే ఇళ్లుంటాయి. కానీ గల్ఫ్ కార్మికుడు మన లెక్కలోకి రావాలంటే ముందు చావాలా?

ధరలు మార్కెట్టువి, ప్రభుత్వం వేలు పెట్టకూడదని కొందరంటారు. 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా దేశంలోపలి విమానాలకు కింది ధర, పై ధర కట్టింది ప్రభుత్వమే గదా! అప్పుడు ఆకాశం విరిగి పడలేదు. పైగా నేను అడిగేది అన్ని సీట్లకూ కాదు. ప్రతి గల్ఫ్ విమానంలో నాలుగైదు సీట్లు ప్రయాణం నాటి దాకా ఒకే రేటుకు పక్కన పెట్టమంటున్నాను. ఊరి పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువీకరణో, నిమ్స్ లాంటి ఆసుపత్రి కాగితమో చూపినవాడికి అవి ఇవ్వాలి. కాగితం తరువాత తెచ్చినా సరే. ఇది నా సొంత కల్పనేమీ కాదు, కెనడాలో ఎయిర్ కెనడా దగ్గరివాళ్ల చావుకు వెళ్లేవారికి ప్రత్యేక ఛార్జీ ఇస్తోంది. అక్కడ సాధ్యమైనది దమ్మాం దారిలో సాధ్యం కాదా?

ఎవరడగాలి? 2019లో నిజామాబాద్ పార్లమెంటు ఎన్నికల్లో 185 మంది నిలబడ్డారు, అందులో 170కి పైగా రైతులే. పసుపు ధర కోసం, పసుపు బోర్డు కోసం. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. రైతు ఊళ్లో ఉన్నాడు గనుక నామినేషన్ వేయగలిగాడు. అతని కొడుకు ఊళ్లో లేడు. 2010లో సవరించిన చట్టం ప్రకారం ప్రవాసి ఓటరుగా నమోదు కావచ్చు, కానీ ఓటు వేయడానికి స్వయంగా ఊరికి రావాలి. అంటే మళ్లీ టికెట్టు కొనాలి! ఓటు లేనివాడి మాట ఏ నాయకుడు వింటాడు?

కనుక అడగవలసింది ఇక్కడ ఉన్న మనం. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణి జరుగుతుంది. 2024 సెప్టెంబరు నుంచి అందులోనే ప్రవాసుల కోసం ఒక బల్ల పెట్టారు. పంజాగుట్ట నుంచి నడిచిపోయేటంత దూరం. విమాన ఛార్జీ రాష్ట్రం చేతిలో లేదని వాళ్లు అనవచ్చు. కేంద్రానికి రాయమని మనం అనవచ్చు. రెండు పేజీల దరఖాస్తు రాసి పెట్టాను, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. మా చిన్నబాపు సంగతి అందులో లేదు, సీట్ల సంగతే ఉంది. మన కాలేజీలో గల్ఫ్‌లో అన్నో, బాపో, చిన్నాయనో ఉన్నవాళ్లు నాకు తెలిసి మా క్లాసులోనే తొమ్మిదిమంది. యూనియన్ గదిలో కాగితాలుంచుతాను, సంతకం కింద మీ జిల్లా పేరు, మీవాళ్లు ఉన్న దేశం పేరు రాయండి.