ఇగ్వానాకు ఇల్లంతా కావాలా?

"పాపం, గూట్లో ఎందుకు మేడం? ఇల్లంతా తిరగనివ్వొచ్చు కదా!" ఇగ్వానా మాట వస్తే పిల్లలు అడిగేది ఇదే. మాకూ మొదట్లో అలాగే అనిపించింది.

పచ్చ ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే జీవి. దాని ఒంటికి వేడి ఎండ నుంచే రావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అందకపోతే ఎముకలు మెత్తబడతాయి. ఆ కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తుంది. ఉత్తరాది జనవరిలో మన క్వార్టర్స్ గచ్చు మీద వదిలేస్తే తిన్న ఆకు కూడా సరిగా అరగదు. తలుపు సందులో తోక నలిగే భయం ఉండనే ఉంది.

అందుకే మా ఓటు గూటికే. పెరిగిన ఇగ్వానా తోకతో కలిపి 5 అడుగులు దాటవచ్చు కాబట్టి చేపల తొట్టి చాలదు. మనిషి ఎత్తు గూడు, ఎక్కడానికి కొమ్మలు, ఒక మూల వేడి దీపం, అతినీలలోహిత కాంతి దీపం, మరో మూల నీడ ఉండాలి. మనం దగ్గరున్నప్పుడు కాసేపు బయట తిప్పవచ్చు.

ఇంకో మాట. బాగా చూసుకుంటే అది 15 ఏళ్లకు పైగా బతకగలదు. అంటే మనకు నాలుగైదు ట్రాన్స్‌ఫర్లు! 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని నమోదు కూడా చేయించాలి. లారీలో సామాను ఎక్కించే రోజున "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం" అనే మాట మన ఇళ్లలో కొత్త కాదు. స్నేహితుల్ని వదిలి వెళ్లడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ప్రతి ఊరికీ ఆ గూటిని మోయగలమా అని ముందే ఆలోచిద్దాం. మోయలేమనుకుంటే తెచ్చుకోవద్దు.