రౌడీ రాణిని మన క్లాసులోకి రానిద్దామా?

దీపావళి సెలవులకు మా ఊరు భోకర్ వెళ్లినప్పుడు బాపమ్మతో కలిసి ఫోన్‌లో 'జగన్మోహిని' చూశాను. 1978లో విఠలాచార్య తీసిన సినిమా. దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంటే పడీపడీ నవ్వాను. బాపమ్మ మాత్రం, "నవ్వకు బిడ్డా, అప్పుడు రాత్రి వాకిట్లకు పోవాలన్నా వణికేటోళ్లం" అంది.

భోకర్ నాందేడ్ జిల్లాలో ఉంది. బడిలో మరాఠీ, బజార్లో మరాఠీ, హిందీ, ఇంట్లో తెలుగు. బాపమ్మకు తెలుగు అక్షరాలు రావు. ఇల్లు, చుట్టాలు దాటి ఆమె తెలుగు విన్నది ఇలాంటి సినిమాల్లోనే. అందుకే వీటిని చవకబారువి అని ఒక్క మాటతో తీసిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు.

అక్కణ్ణించి పాత సినిమాలు వెతకడం మొదలైంది. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ 'రౌడీ రాణి' తీశారు. అందులో తుపాకీ పట్టి పగ తీర్చుకునేది విజయలలిత. మరుసటి ఏడాది ఆయనే కృష్ణతో 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. ఇటలీ కౌబాయ్ సినిమాల ధోరణిలో, రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు పరుగెత్తించారు. దానికి కథ, మాటలు రాసిందెవరో తెలుసా? ఆరుద్ర! మనం పరీక్షల ముందు తిరగేసే 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రే. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

అలాగని అన్నీ మెచ్చుకోమనడం లేదు. ఆ కాలపు క్లబ్బు పాటల్లో కెమెరా ఆడవాళ్లను చూసే చూపు నాకు ఒళ్లు మండించింది. కథకు అక్కర్లేకపోయినా టికెట్లు తెగడానికి పెట్టిన పాటలు అవి. వాటిలో ఆడిన జ్యోతిలక్ష్మి, జయమాలిని సొంత అక్కచెల్లెళ్లు. తీసినవాళ్లు డబ్బు చేసుకున్నారు, చూసినవాళ్లు ఈలలు వేశారు, చెడ్డపేరు మాత్రం ఆడినవాళ్లకు మిగిలింది. మా వీధిలో ఒక అమ్మాయి గణపతి పండుగకు డాన్స్ చేస్తే "జ్యోతిలక్ష్మి వచ్చిందిరోయ్" అని వెక్కిరించారు. అప్పుడు నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మళ్లీ స్టేజీ ఎక్కలేదు. జ్యోతిలక్ష్మి 2016లో కన్నుమూశారు. ఆమె పేరు ఇంకా తిట్టుగానే వాడుతున్నాం.

ప్రబంధాల్లో నాయిక వర్ణన వస్తే అలంకారం గుర్తించి మార్కులు తెచ్చుకుంటాం. అదే వర్ణన తెర మీదికొస్తే తల దించుకుంటాం. రెంటినీ ఒకే ప్రశ్న అడగొచ్చు కదా: చూస్తున్నదెవరు, ఎవరి కోసం చూపిస్తున్నారు?

మేడమ్‌లకు నా మనవి ఒకటే. నెలకో శనివారం ఇలాంటి సినిమా ఒకటి చూసి మాట్లాడుకుందాం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వాళ్ల జ్ఞాపకాలూ రాసుకొద్దాం. మొదటి సినిమాగా నా ఓటు 'రౌడీ రాణి'కే. ఒప్పుకోనివాళ్ల కోసం పక్కనే ఖాళీ కాగితం అంటించాను. మొహమాటపడకుండా రాయండి.

— ద్వితీయ సంవత్సరం విద్యార్థిని