ఊపిరి బిగబట్టిన వేళ

ఆస్ట్రేలియాలో కాపురమున్న సోదరి యొకతె మాకిట్లు వ్రాసినది: "డిసెంబరులో బడికి వేసవి సెలవులిచ్చెదరు. మా అబ్బాయి స్నేహితులతో గూడి, ఊపిరి బిగబట్టి సముద్రములో మునిగి, ఈటెతో చేపలను గొట్టబోయెదనని పట్టుపట్టినాడు. పంపుదునా, మాన్పుదునా?"

మాన్పుడని మేము చెప్పజాలము. ధైర్యమును, ఓర్పును నేర్పు వినోదమిది. కాని యిందొక మోసము గలదు. మునుగుటకు ముందు గబగబ పలుమారులు గాలి పీల్చి విడిచినచో నీటిలో ఎక్కువసేపు నిలువవచ్చునని పిల్లలు తలంతురు. అట్లు చేసిన రక్తములోని బొగ్గుపులుసుగాలి తగ్గునేగాని ప్రాణవాయువు చెప్పదగినంత పెరుగదు. ఊపిరి తీయుమని దేహమును ముఖ్యముగా హెచ్చరించునది ఆ బొగ్గుపులుసుగాలియే. హెచ్చరిక రాకమునుపే ప్రాణవాయువు తరిగిపోయి, పైకి వచ్చునప్పుడు స్పృహ తప్పవచ్చును. అప్పుడు కేకయైనను వినబడదు.

కొరియా దేశములోని జెజు ద్వీపమున 'హెన్యో' లను స్త్రీలు గాలితిత్తులు లేకయే పదిమీటర్ల లోతు మునిగి నత్తలు, ఆలుచిప్పలు మొదలగువానిని దెచ్చి జీవించుచున్నారు. వారి విద్యను 2016లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముగా గుర్తించిరి. అంతటి నేర్పరులును ఒక్కొక్క మునుకకు ఒక నిమిషమే ఊపిరి బిగబట్టుదురు. తోడివారితో గలసియే కడలికి బోవుదురు.

కావున, సోదరీ, పంపుడు. మాట తీసికొని పంపుడు. ఒంటరిగా మునుగరాదు. ఒకడు మునిగినప్పుడు వేరొకడు పైనుండి చూచుచుండవలెను; అతడు తేలినపిమ్మటను అరనిమిషము కన్నార్పక కనిపెట్టవలెను. ఈటెమొనను తోడివానివైపు త్రిప్పరాదు. ఈ మాట మీ అబ్బాయి చేతనేగాక, అతని స్నేహితులందరి చేతను చెప్పింపుడు. అతని ప్రాణము వారి చూపులోనే యున్నది గదా!