మాకు మినహాయింపు, వారికి ‘ఉచితం’

ఏటా జనవరిలో మా విశ్వవిద్యాలయ అకౌంట్స్ విభాగానికి మా అమ్మాయి కళాశాల ట్యూషన్ ఫీజు రశీదు సమర్పిస్తాను. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకు, భవిష్యనిధి, బీమా వంటివాటితో కలిపి, రూ.1.5 లక్షల వరకు మినహాయింపు ఉంది. 30 శాతం శ్లాబులోని నాబోటివారు ఆ పరిమితిని పూర్తిగా వాడుకుంటే సెస్సుతో సహా రూ.46,800 మిగులుతుంది. ఆ రశీదు తీసుకున్నవారెవరూ నన్ను కులధ్రువీకరణ అడగలేదు. లబ్ధిదారు అనీ పిలవలేదు.

నిరుడు మా అక్క కొడుకు విశాఖలో ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ పూర్తిచేశాడు. రీయింబర్స్‌మెంట్ సొమ్ము జమ కాలేదని కళాశాల వారు ధ్రువపత్రాలు ఆపేశారు. ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తామన్నారు. పెదబయలు మండలంలో పసుపు, కాఫీ పండించుకునే అక్క, ఇంకా తవ్వని పసుపు మీద షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంది. ‘‘ధర మాట్లాడుకున్నావా అక్కా?’’ అన్నాను. ‘‘మాట్లాడే స్థితే ఉంటే అడ్వాన్సెందుకు తమ్ముడా?’’ అంది. పత్రాలు చేతికొచ్చేసరికి పీజీ కౌన్సెలింగ్ ముగిసింది.

నాకు మిగిలినదీ ఖజానాకు రావలసిన సొమ్మే. పన్ను రాయితీల వల్ల వదులుకున్న రాబడి ఎంతో కేంద్ర బడ్జెట్ పత్రాలే ఏటా లెక్క చూపుతాయి. అయినా ‘ఉచిత పథకాల’ మీద చర్చ జరిగినప్పుడల్లా వేలు అక్క వైపే చూపుతుంది. పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం నిన్నమొన్నటి ఎన్నికల వరం కాదు. అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో, 1944లో, ఎస్సీ విద్యార్థుల కోసం మొదలై తర్వాత ఆదివాసులకు విస్తరించింది.

ఆదివాసులకు ఆదాయపు పన్నే లేదు కదా అనే మిత్రులున్నారు, వారిలో ఆచార్యులూ ఉన్నారు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దిష్ట ప్రాంతాలకు, లద్దాఖ్‌కు చెందిన షెడ్యూల్డ్ తెగల వారికి, అదీ ముఖ్యంగా అక్కడ పొందే ఆదాయానికే. ఐదో షెడ్యూల్‌లోని మన ఏజెన్సీకి వర్తించదు. పెదబయలు నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు అందరిలాగే పన్ను కడతాడు. అక్కకు పన్ను లేనిది తెగ వల్ల కాదు, వ్యవసాయ ఆదాయం కావడం వల్ల. పన్నే లేనివారికి మినహాయింపు విలువ సున్నా. విద్యారుణం వడ్డీకి ఇచ్చే రాయితీ సైతం, పన్ను పడేంత జీతం వచ్చాకే అక్కరకొస్తుంది.

అమెరికాలో కళాశాల ఖర్చులపై ఇచ్చే ‘అమెరికన్ ఆపర్చునిటీ’ క్రెడిట్ గరిష్ఠంగా 2,500 డాలర్లు. అర్హులకు పన్ను బాకీ లేకపోయినా అందులో 40 శాతం, అంటే 1,000 డాలర్ల వరకు, చేతికి వస్తుంది. అక్కడి మన తెలుగువారికి ఈ సంగతి బాగా తెలుసు. దాన్ని వారెవరూ ఉచితమనగా నేను వినలేదు.

పెట్టిన ఖర్చును తిరిగి ఇవ్వడమే రీయింబర్స్‌మెంట్. పెట్టుబడే లేని ఇంటికి ఆ పేరే సరిపోదు. ప్రవేశం ఖరారైన నెలలోనే ఫీజు కళాశాలకు, వసతి ఖర్చు విద్యార్థికి చేరాలి. బకాయి ప్రభుత్వానిదైనప్పుడు విద్యార్థి పత్రాలు ఆపే అధికారం కళాశాలకు ఉండకూడదు. ఆ నెల కొండమీద పసుపు ఇంకా నేలలోనే ఉంటుంది.